అధికారి – టీక – అనువాదము: శాస్త్రవిషయ నివేదనమున మూడు శబ్దముల విచారణ

ఉపోద్ఘాతము

శాస్త్రగ్రంథారంభమున అనుబంధచతుష్టయమును నిరూపించుట భారతీయ సంప్రదాయమున ప్రసిద్ధము. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగింటిని తెలుపక గ్రంథమును మొదలుపెట్టుట ఉచితము కాదని పూర్వులు భావించినారు. మొదటి మూడింటిని నేటి పరిశోధకులు వేరు పేర్లతో పాటించుచునే ఉన్నారు. నాలుగవదైన అధికారినిరూపణము మాత్రము చాల పరిశోధనలలో కనిపించదు. ఎవరికొరకు చెప్పుచున్నాము, వినువాడు దేనిని తెలిసికొని ఉన్నాడు, దేనిని తెలిసికొనగోరుచున్నాడు అను ప్రశ్న వేసికొనకయే పరిశోధనము ముగియుచున్నది. ఫలితములు పత్రికలో అచ్చుపడుటతో పరిశోధకుని బాధ్యత తీరినదని భావింపబడుచున్నది.

పరిశోధకుని మాట కనీసము మూడు తావులకు చేరవలసియున్నది. ఒకటి తోడి విద్వాంసుల సభ. రెండవది పాలకులు, ఉద్యోగులు. మూడవది ఎవరి దేహముపైన, ఎవరి నేలపైన, ఎవరి జీవనముపైన ఆ పరిశోధనము సాగినదో ఆ జనులు. ఈ మూడవ శ్రోత విషయమున శాస్త్రసంప్రదాయము చెప్పిన నియమములేవి, వాటిని ఉల్లంఘించినచో కలుగు నష్టమేమి అని పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఖమ్మం – భద్రాచలం అటవీసీమలో 2009లో జరిగిన ఒక ఉదంతము దీనికి ముఖ్యోదాహరణము.

ఒకే శాస్త్రము – పలువురు అధికారులు

ఒకే విషయమును అధికారిభేదమునుబట్టి పలు రూపముల చెప్పుట మనకు కొత్త కాదు. పాణినీయమునే తీసికొనవచ్చును. భట్టోజిదీక్షితుడు సిద్ధాంతకౌముదిలో అష్టాధ్యాయీ సూత్రములను ప్రక్రియాక్రమమున కూర్చి వ్యాఖ్యానించినాడు. అది ప్రౌఢులకు. ఆయన శిష్యుడు వరదరాజు బాలుర కొరకు లఘుకౌముదిని రచించినాడు. అందులోని సూత్రములు పెద్ద గ్రంథములోని వాటిలో మూడవ వంతు పాటివి. గమనింపదగినదేమనగా, వరదరాజు సూత్రములను విడిచినాడు గాని వక్రీకరింపలేదు. లఘుకౌముదిలో నేర్చినదానిని సిద్ధాంతకౌముదికి వచ్చిన పిదప మరచిపోవలసిన పని విద్యార్థికి లేదు. సంక్షేపమునకు, అసత్యమునకు మధ్య గల భేదము ఇదియే.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలుర సుఖబోధ కొరకే వ్రాయుచున్నట్లు మొదటనే ప్రతిజ్ఞ చేసినాడు. తరువాత తానే దీపికను వ్రాసి, అదే విషయమును తరువాతి మెట్టు అధికారికి విప్పినాడు. గ్రంథకర్త ఒక్కడే, విషయమొక్కటే, శ్రోతలు ఇద్దరు. మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథుడు తన వ్యాఖ్యానములకు రెండు నియమములు పెట్టుకొన్నాడు: ఆధారము లేనిదానిని వ్రాయరాదు, అపేక్ష లేనిదానిని చెప్పరాదు. మొదటి నియమము విషయమును కాపాడుచున్నది. రెండవది శ్రోతను కాపాడుచున్నది. నేటి శాస్త్రజ్ఞుడు జనులతో మాట్లాడునప్పుడు ఈ రెండింటికంటె వేరు సూత్రము అవసరము లేదు.

భద్రాచల సీమలో పూర్వోదాహరణము

ఈ అటవీసీమ పరిశోధకులకు చిరపరిచితము. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1941లో గోదావరీతీరపు కొండరెడ్ల మధ్య పరిశీలన చేసినాడు. ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అను ఆయన బృహద్గ్రంథము 1945లో వెలువడినది. అది విద్వాంసుల కొరకు వ్రాయబడినది. అదే సంవత్సరమున నిజాం ప్రభుత్వము కొరకు ఆయన వ్రాసిన నాలుగు నివేదికలు ‘ట్రైబల్ హైదరాబాద్’ అను పేర ప్రచురింపబడినవి. అవి పాలకులకు ఉద్దేశింపబడినవి. గ్రంథములో ఆచారములు, బంధుత్వములు, పోడు సేద్యము విస్తరింపబడగా, నివేదికలలో చేయదగిన పనికి ప్రాధాన్యము వచ్చినది. ఒకే పరిశీలనము రెండు రూపములు దాల్చినది.

ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో ఆరంభమైన గోండు విద్యాప్రణాళిక మూడవ రూపము. గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దుటకు, గోండి భాషలో వాచకములు సిద్ధపరచుటకు అందు ప్రయత్నము జరిగినది. పరిశోధకుడు ఎవరి మాటలు విని పండితుడైనాడో వారి మాటలోనే వారికి విద్య అందవలెనను న్యాయము ఇక్కడ కొంత నెరవేరినది. ఐతే కొండరెడ్ల మాతృభాష తెలుగే. తమను గూర్చిన ఆ బృహద్గ్రంథమునుండి ఆ తెలుగువారి చేతికి ఏమి అందినదను ప్రశ్న నేటికిని వేసికొనదగినదే.

కోయభాష విషయమును ఇట్టిదే. గోండి శాఖకు చెందిన ఈ ద్రావిడభాషయొక్క గొమ్ముకోయ మాండలికమునకు స్టీఫెన్ టైలర్ రచించిన వ్యాకరణము 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి వెలువడినది. భాషాశాస్త్రజ్ఞులకు అది ఉపకరించునది. ఒక ఆరోగ్యోద్యోగి గూడెములో నిలిచి కోయతల్లికి ఒక వ్యాధిని వివరింపవలసినప్పుడు కావలసినది వేరొక గ్రంథము. ఆ గ్రంథపు అవసరము ఎంత తీవ్రమైనదో 2009 నాటి ఉదంతము తెలుపుచున్నది.

2009 నాటి ఉదంతము

గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరుకు హ్యూమన్ పాపిలోమా వైరస్ కారణమని నిరూపించిన జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ త్సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. ఈ వైరస్‌లో 16, 18 అను రెండు రకములే ఆ క్యాన్సరులో సుమారు 70 శాతమునకు మూలము. వాటిని అడ్డగించు టీకామందు విజ్ఞానశాస్త్రపు గొప్ప సాధనలలో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఈ క్యాన్సరు నిర్మూలనమునకు వ్యూహమును ప్రకటించుచు, 2030 నాటికి 90 శాతము బాలికలకు ఈ టీకా అందవలెనని లక్ష్యము పెట్టినది. కనుక ఈ విచారణ టీకామందు గుణమును గూర్చినది కాదు. మంచి వస్తువును గూర్చిన మాట ఎట్లు చెప్పబడినదన్నదే ఇచ్చట ప్రశ్న.

2009 జూలైలో నాటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో, 10 నుండి 14 సంవత్సరముల బాలికలు సుమారు 14,000 మందికి ఈ టీకాను ఇచ్చు కార్యక్రమము మొదలైనది. (2016 జిల్లాల పునర్విభజన తరువాత మొదటి రెండు మండలములు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనివి.) అమెరికాకు చెందిన పాథ్ అను సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము దీనిలో భాగస్వాములు. గుజరాతులోని వడోదర జిల్లాలోను ఇట్టి కార్యక్రమమే జరిగినది. బాలికలలో పలువురు ప్రభుత్వ వసతిగృహములలో ఉండి చదువుకొను గిరిజన బాలికలు. రెండు రాష్ట్రములలో కలిపి ఏడుగురు బాలికలు మరణించిన వార్తలు వచ్చిన పిదప, మహిళాసంఘముల ఆందోళనతో, 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిపివేయబడినది. కేంద్ర ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము ఆ మరణములకు టీకామందే కారణమని నిర్ధారింపలేదు. సమ్మతి తీసికొన్న విధానములో మాత్రము లోపములను చూపినది.

ఆరోగ్య శాఖకు సంబంధించిన పార్లమెంటు స్థాయీసంఘము 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో ఒక లెక్క ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 9,543 సమ్మతిపత్రములలో 1,948 వ్రేలిముద్రలతో ఉన్నవి. 2,763 పత్రములపై వసతిగృహ సంరక్షకులు సంతకము చేసినారు. అనగా నూటికి ఇరువది పత్రములలో చదువురాని తల్లిదండ్రుల ముద్ర. నూటికి ఇరువదితొమ్మిదింట తల్లియు లేదు, తండ్రియు లేడు.

ఇక్కడ అధికారి శబ్దమును విచారింపవలెను. సంస్కృత శాస్త్రములలో అధికారి అనగా ఫలమునందు అర్హత, ఆకాంక్ష గలవాడు. తెలుగు వాడుకలో అధికారి అనగా ఉద్యోగి. 2,763 పత్రములలో జరిగినదేమనగా, మొదటి అర్థమునందలి అధికారి స్థానమున రెండవ అర్థమునందలి అధికారి సంతకము చేసినాడు. శబ్దము ఒక్కటే, అర్థము మారినది, ఆ మార్పులో బాలిక తల్లి లుప్తమైనది.

టీకా శబ్దముయొక్క శక్తిగ్రహము

ఈ కార్యక్రమము ఔషధపరీక్ష కాదనియు, అమ్మకమునకు అనుమతి పొందిన మందును ప్రజలకు ఎట్లు అందింపవలెనో తెలిసికొను పరిశీలన అనియు నిర్వాహకుల వాదము. స్థాయీసంఘము ఆ వాదమును అంగీకరింపలేదు. ఎవరి వాదము గ్రాహ్యమైనను, అది ఒక విధమైన పరిశోధనము అన్నంతవరకు వివాదము లేదు. ఐతే గూడెములోని తల్లికి ‘టీకా’ అను మాట వినిపించినప్పుడు కలుగు బోధ ఏమి?

శబ్దార్థసంబంధము తెలియుటకు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, సిద్ధపదసాన్నిధ్యము అని ఎనిమిది ఉపాయములను నైయాయికులు చెప్పుదురు. వీటిలో వ్యవహారము బలీయము. ఒక పెద్ద ఆవును తెమ్మనగా మరియొకడు తెచ్చుటను చూచి బాలుడు ఆవు శబ్దమునకు అర్థము నేర్చును. గూడెములోని తల్లి టీకా శబ్దమును ఇట్లే నేర్చినది. ప్రభుత్వపు నర్సమ్మ వచ్చుట, బిడ్డకు సూది వేయుట, 1995 తరువాత పల్స్ పోలియో చుక్కలు వేయుట ఆమె చూచినది. ఆమె కోశములో టీకా అనగా ‘సర్కారు అందరు పిల్లలకు ఇచ్చునది, ఇదివరకే పరీక్షింపబడినది, కాదనవలసిన అవసరము లేనిది’. పరిశీలన అను అర్థము ఆ శబ్దములో లేదు. వివరణము లేనప్పుడు వ్యవహారసిద్ధమైన అర్థమే తోచును. వక్త తాత్పర్యము ఒకటి, శ్రోతకు కలిగిన శాబ్దబోధ మరియొకటి. అసత్యము పలుకకయే అసత్యబోధ కలిగినది.

సంస్కృతమున టీక అనగా వ్యాఖ్యానము. మూలమునకు తోడుగా ఉండి సందేహములను తీర్చునది. తెలుగున టీకా అనగా రోగనివారణకు వేయు మందు. రెండవ టీకకు మొదటి టీక తోడు లేకపోవుటయే ఈ ఉదంతములోని మూలదోషము.

పూర్వపక్షములు – సమాధానములు

ఇందుకు మూడు ఆక్షేపములు రావచ్చును. మొదటిది: సూక్ష్మమైన వైద్యవిషయము చదువురానివారికి ఎట్లు తెలియును? సమాధానము న్యాయశాస్త్రములోనే ఉన్నది. వాదమున మూడుమారులు చెప్పినను సభకును ప్రతివాదికిని అర్థము కాకపోయినచో, దానిని అవిజ్ఞాతార్థమను నిగ్రహస్థానముగా గౌతముడు పరిగణించినాడు. ఓడినవాడు వినినవాడు కాదు, చెప్పినవాడు. విననివారిని అజ్ఞులని నిందించుటకు శాస్త్రము అవకాశమీయలేదు.

రెండవది: వసతిగృహమున సంరక్షకుడే తల్లిదండ్రుల ప్రతినిధి కదా? పూర్వమీమాంసలోని ఆరవ అధ్యాయమునకు అధికారాధ్యాయమని పేరు. అందులో ప్రతినిధివిచారము కలదు. వ్రీహులు దొరకనిచో నీవారములు గ్రాహ్యములే. ద్రవ్యమునకు ప్రతినిధి ఉండవచ్చును. యజమానికి మాత్రము ప్రతినిధి లేడు. ఫలము ఎవనికి చెందునో అతని స్థానమును మరియొకడు పొందలేడనుటయే హేతువు. పలువురు యజమానులు కలసి చేయు సత్రములో ఒకడు మరణించినచో లెక్క పూరించుటకు మరియొకనిని తీసికొనుట కలదు గాని, అక్కడను ఫలము ఆ ప్రతినిధికి చెందదు. టీకా వలని మేలుకీడులు బాలికవి, ఆమె కుటుంబమువి. సంరక్షకుడు బియ్యమునకు, పుస్తకములకు సంతకము చేయవచ్చును, దేహమునకు చేయరాదు.

మూడవది: అన్నియు చెప్పినచో జనులు భయపడి మేలైన మందును విడిచిపెట్టుదురు కదా? 2010 దీనికి ఉత్తరము. చెప్పకపోవుట వలన భయము తగ్గలేదు, అనుమానము పెరిగినది. టీకాకు సంబంధము లేదని తేలిన మరణములను గూర్చియు జనులు నమ్మలేకపోయినారు. సత్యము తెలియుట, తెలిసినదానిని తెలిసినట్లు చెప్పవలెనను కోరిక – ఈ రెండును గలవాడే ఆప్తుడు. ఒకసారి ఆప్తత్వము పోయిన పిదప సత్యవాక్యము సైతము ప్రమాణము కాకపోవును.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. అధికారవిచారము మన దేశమున పలువురికి విద్యాద్వారములను మూయుటకు కూడ వినియోగింపబడినది. ఆ వినియోగమును సమర్థించుట ఈ వ్యాసమునకు సమ్మతము కాదు. అదే సంప్రదాయములో వాత్స్యాయనుడు ఆప్తలక్షణము ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమని భాష్యమున స్పష్టముగా చెప్పియున్నాడు. ఆ వాక్యమును అనుసరించినచో, తన అడవిని గూర్చి, తన బిడ్డను గూర్చి కోయతల్లి పలుకు మాట ప్రమాణమే. ఆమె వినవలసినది మాత్రమే కాదు, ఆమెనుండి వినవలసినదియు ఉన్నది.

అనువాదము

మూడవ శబ్దము అనువాదము. నేడు ఒక భాషలోని మాటను వేరొక భాషలో చెప్పుటకు ఈ పేరు. శాస్త్రములలో అనువాదమనగా చెప్పబడినదానిని మరల చెప్పుట. వాదమున ప్రతివాది మొదట వాది మాటను తన నోట పలికి, పిదప ఖండింపవలెను. సభకు తెలిసిన మాటను మరల చెప్పలేకపోవుట అననుభాషణమను దోషము. పాఠశాలలలో గురువు పాఠము చెప్పిన తరువాత శిష్యునిచేత పంక్తి యర్థమును చెప్పించెడివాడు. అర్థమైనదా అని అడిగినచో ప్రతి శిష్యుడును అర్థమైనదనియే చెప్పును. చెప్పించినప్పుడే బోధ బయటపడును.

శాస్త్రవిషయ నివేదనమునకు ఈ రెండు అనువాదములును కావలెను. 2009 నాటి విషయమునే మూడు శ్రోతలకు ఎట్లు చెప్పవచ్చునో చూడవచ్చును. విద్వత్సభకు: ఏ వయస్సువారికి, ఎన్ని మోతాదులు, ఎంత కాలవ్యవధితో ఇచ్చినారు, ప్రతికూల పరిణామములను ఎట్లు నమోదు చేసినారు అనునవి ప్రధానము. ఉద్యోగులకు: శీతలీకరణ ఏర్పాట్లు, సిబ్బంది, వ్యయము, ఆపద కలిగినచో బాధ్యత ఎవరిది అనునవి ప్రధానము. తల్లికి చెప్పవలసిన మాట ఇట్లుండవచ్చును:

“అమ్మా, కొందరు ఆడవాళ్లకు పెద్దయ్యాక గర్భసంచి మూతికి క్యాన్సరు వస్తుంది. అది రాకుండా కాపాడే సూదిమందు ఇది. అన్ని రకాల క్యాన్సరును ఆపదు, చాలావరకు ఆపుతుంది. కనుక పాప పెద్దయ్యాక కూడా పరీక్ష చేయించుకోవాలి. ఈ మందును మన ఊళ్లలో ఎట్లా అందించాలో తెలుసుకోవడానికి మేము చేస్తున్న పరిశీలన ఇది; అందరికీ వేసే సర్కారు టీకా కాదు. ఆరు నెలల్లో మూడు సూదులు వేస్తాము. చెయ్యి నొప్పి, జ్వరం రావచ్చు. ఏమైనా అయితే ఎవరి దగ్గరికి రావాలో, ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఇప్పుడే చెబుతాము. వద్దంటే పాప చదువుకు, హాస్టలుకు ఏ ఇబ్బందీ ఉండదు. ఇంట్లో మాట్లాడుకొని రెండు రోజుల తరువాత చెప్పండి.”

ఈ మాటలలో పారిభాషిక పదము లేదు. విడిచిన సత్యమును లేదు. వరదరాజు చేసినది ఇట్టి పనియే. కోయ మాత్రమే తెలిసిన ఇంట దీనిని కోయలోనే చెప్పవలెను. పిదప ఆ తల్లినే అడుగవలెను: “ఇంటికి వెళ్లి మీ ఆయనకు ఏమని చెబుతారమ్మా?” ఆమె తన మాటలలో చెప్పినది వక్త తాత్పర్యముతో సరిపోయినప్పుడే సమ్మతి సిద్ధించినట్లు. సరిపోనిచో మరల చెప్పవలసినది వక్తయే. బాలికకును ఆమె వయస్సుకు తగినట్లు వేరుగా చెప్పి, ఆమె ఇష్టమును తెలిసికొనవలెను.

2019లో వచ్చిన నూతన ఔషధ, చికిత్సాపరీక్షల నిబంధనలు కొన్ని పరీక్షలలో, దుర్బలస్థితిలో ఉన్నవారి విషయమున, సమ్మతిప్రక్రియను దృశ్యశ్రవణరూపమున నమోదు చేయవలెనని విధించుచున్నవి. ఇది మేలైన మార్పు. ఐతే యంత్రము శబ్దమును పట్టగలదు, బోధను పట్టలేదు. తల్లి మౌనముగా తల ఊపిన దృశ్యము నమోదైనంత మాత్రమున అనువాదము జరిగినట్లు కాదు.

ఉపసంహారము

ప్రాచ్యకళాశాలలకు ఈ విషయముతో పని ఏమి అని కొందరు తలపవచ్చును. శబ్దము, అర్థము, వాటి సంబంధము మన విద్యకు విషయములు. వైద్యుడు వ్యాధిని ఎరుగును. వాక్యము శ్రోతయందు ఎట్లు ఫలించునో, ఎక్కడ తప్పిపోవునో చెప్పగలిగిన సాధనసామగ్రి మన పాఠ్యగ్రంథములలో ఉన్నది. తర్కసంగ్రహములోని శబ్దఖండమును బోధించు అధ్యాపకుడు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధులకు ఆవును, అగ్నితో తడుపుటను ఉదాహరించుటతో ఆగక, ఒక సమ్మతిపత్రమును ఎదుట పెట్టి విద్యార్థులచేత పరీక్షింపజేయవచ్చును. పరిశోధకవిద్యార్థి తన సిద్ధాంతగ్రంథముతోపాటు, తాను ఎవరినుండి విషయము సేకరించినాడో వారికి చదివి వినిపింపదగిన నాలుగు పుటలను వారి మాటలో వ్రాసి, వారి ఎదుట చదివి, వారిచేత మరల చెప్పించుకొనవచ్చును. భద్రాచలం పరిసరములలో గాథలు, పాటలు, మాటలు సేకరించిన తెలుగు పరిశోధకులకు ఇది మరింత వర్తించును. దేహముపై పరిశోధించిన వైద్యుని ఒక నియమమునకు కట్టి, నోటిమాటపై పరిశోధించిన సాహిత్యవేత్తను విడిచిపెట్టుట న్యాయము కాదు.

అధికారి అనగా ఉద్యోగి కాక ఫలభోక్త అనియు, టీక అనగా సూది మాత్రమే కాక దానికి తోడు నడచు వివరణమనియు, అనువాదమనగా భాషాంతరము మాత్రమే కాక శ్రోత నోట మరల పలుకుటయనియు – ఈ మూడు శబ్దముల పూర్వార్థములను పరిశోధకులు స్మరించినచో చాలును. 2,763 పత్రములపై లేని సంతకములు ఆ స్మరణకు తగిన కారణము.